పసివాని మొదటి బడి ఏది?

ధ్యానభాగములు: యెహోషువ 4వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము, 2 తిమోతి 1వ అధ్యాయము



జూన్ మాసము దగ్గరపడుచున్నదనగా మన గ్రామములలో ప్రతి ఇంట ఒక ప్రశ్న పుట్టుచున్నది. మూడేండ్ల బిడ్డను ఏ బడికి పంపవలెను? కామారెడ్డినుండియు ఎల్లారెడ్డినుండియు పసుపుపచ్చని బస్సులు తెల్లవారగానే ఊరి మొగదలకు వచ్చి నిలుచుచున్నవి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అను పేర్లు అక్షరము రాని అవ్వల నోటికి సైతము వచ్చినవి. బస్సు ఫీజు, పుస్తకములు, యూనిఫారము, బూట్లు, వీటన్నిటికొరకు నాట్లు పడకముందే కొందరు మిత్తికి అప్పు తెచ్చుచున్నారు. తెచ్చి కట్టిన తరువాత ఆ తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నా బాధ్యత తీరింది. ఇగ పోరడు మంచిగ చదువుకోవాలె అని ప్రార్థన చేయుండ్రి" అనుచున్నాడు. ప్రార్థన చేయుచున్నాను. అయితే అతని మాటలోని మొదటి సగమును గూర్చి ఈ మాసము మనము కొంచెము ఆలోచింపవలెను. ఫీజు కట్టుటతో బాధ్యత తీరినదా? అసలు పసివానికి నేర్పు పని ఎవరిది?

మన సంఘమునుండి హైదరాబాదుకు వెళ్లి స్థిరపడిన ఒక యౌవన దంపతులు క్రిస్మసు సెలవులలో ఊరికి వచ్చిరి. వారి పాపకు అయిదవ ఏడు నడుచుచున్నది. ఇంకను ఏ బడిలోను చేర్పలేదు; ఇంటిలోనే నేర్పుచున్నామనిరి. గంటల పట్టిక లేదు, పరీక్ష లేదు. పాపకు చీమలమీద మనస్సు పోయినయెడల ఆ వారమంతయు చీమలే. పుట్టను చూచుట, చీమ బొమ్మ గీయుట, వరుసను లెక్కించుట, గ్రంథాలయమునుండి చీమల పుస్తకము తెచ్చుట, రాత్రి పండుకొనునప్పుడు సామెతల గ్రంథములోని చీమను గూర్చి తండ్రి చెప్పుట. మరుసటి వారము మనస్సు వానమీదికి మళ్లినయెడల వానయే పాఠము. ఒక్క పుస్తకమునే పట్టుకొని మొదటినుండి చివరవరకు పోవుట లేదు. ఏది పనికివచ్చిన అది తెచ్చుకొనుచున్నారు. అరుగుమీద కూర్చున్న పెద్దలు విని ఆశ్చర్యపడిరి. ఒక పెద్దాయన, "బడికి పంపకుంటె గొర్లకాడికి పంపుతరా బిడ్డా?" అని అడిగెను. అందరు నవ్విరి. ఆయన మాత్రము నవ్వలేదు.

ఆయన ఏల నవ్వలేదో మన ఊళ్లలో పెద్దవారందరికి తెలియును. ఏడేండ్ల ప్రాయమున ఆయనను ఒక ఆసామియొద్ద పశువులు కాయుటకు జీతముంచిరి. పిల్లవాడు ఇంటికాడ ఉన్నాడనగా ఈ సీమలో అర్థము ఒక్కటే: వాడు గొర్రెల వెంట ఉన్నాడు, లేక బురదలో ఉన్నాడు. ఆడపిల్ల ఇంటికాడ ఉన్నదనగా చంకలో తమ్ముడున్నాడు, లేక ఒడిలో బీడీల చాట ఉన్నది. 1948 వరకు ఇది నిజాము రాజ్యము. పై తరగతుల చదువంతయు ఉర్దూలోనే సాగెను గనుక మాలపల్లెలోని తెలుగు బిడ్డకు బడి అనునది రెండు విధముల దూరము. మెదక్ ప్రాంతములో వెస్లియన్ మిషను ఉపదేశులు పగలంతయు పశువులు కాసి వచ్చిన పిల్లలను రాత్రివేళ లాంతరు వెలుగులో కూర్చుండబెట్టి అ ఆ లు దిద్దించిరి. ఆ పిల్లల మనుమలే నేడు మన బడులలో ఉపాధ్యాయులు. ఇంత కష్టపడి సంపాదించుకొన్న బడిని విడిచి ఇంటికి రమ్మనిన ఆ పెద్దాయనకు భయము కలుగుటలో వింత ఏమున్నది?

ఆ భయము న్యాయమైనదే గనుక మొదట దానికి జవాబు చెప్పి ముందుకు పోవుదము. 1991 మొదలుకొని రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషనువారు పనిచేయుచు ఒక కఠినమైన మాట చెప్పిరి: బడిలో లేని ప్రతి బిడ్డయు కూలి బిడ్డయే. ఆ పనికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది. 2002లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణ 6 మొదలు 14 ఏండ్లవరకు చదువును ప్రాథమిక హక్కుగా చేసినది. అదే సవరణ, ఆ ప్రాయపు బిడ్డకు చదువు అవకాశము కల్పించుట తలిదండ్రుల విధియని కూడ చేర్చినది. 2009లో చేయబడిన విద్యాహక్కు చట్టము 1 ఏప్రిల్ 2010నుండి అమలులోనికి వచ్చెను. బిడ్డను దగ్గరి బడిలో చేర్చుట తలిదండ్రుల కర్తవ్యమని అందులో వ్రాయబడినది. చేర్పనివారికి శిక్ష ఏదియు వ్రాయబడలేదు. పట్టణములలో ఆరేండ్లు దాటిన తరువాత కూడ ఇంటిలోనే నేర్పి, పదవ తరగతి సమయమునకు ఓపెన్ స్కూలు ద్వారా పరీక్ష వ్రాయించు కుటుంబములు కొన్ని కలవు. వారికి తీరిక కలదు, పుస్తకములు కలవు, ఇద్దరిలో ఒకరి జీతముతో ఇల్లు గడచుచున్నది. మన కూలి కుటుంబములకు నేను ఆ దారి చూపను. ఆరేండ్లు నిండిన బిడ్డ బడిలో ఉండవలెను. గొర్రెలు కాయుటకు ఇంటిబడియని పేరు పెట్టినయెడల అది బిడ్డయెదుట అబద్ధము, దేవునియెదుట దొంగతనము.

అయితే ఆరేండ్లలోపటి మాట వేరు. ఆ ప్రాయమునకు చట్టము బలవంతము చేయలేదు. 2 అక్టోబరు 1975న మొదలైన పథకముచేత ఊరిలో అంగన్‌వాడీ కలదు; ఆ ప్రాయపు బిడ్డకు అక్కడ గ్రుడ్డు, అన్నము, ఆట, పాట దొరకుచున్నవి. మిగిలిన దినమంతయు బిడ్డ మన చేతులలోనే ఉన్నది. ఆ దినమును మనము ఏమి చేయుచున్నాము? మూడేండ్ల బిడ్డను నిద్రలోనుండి లేపి, ఏడ్చుచుండగా బస్సెక్కించి, ఇరువది కిలోమీటర్ల దూరమున తనకు తెలియని భాషలో రంగుల పేర్లు చెప్పించుట చదువా? లేక ఆ బిడ్డ అడుగు ప్రశ్నకు జవాబు చెప్పుట చదువా? ఆ హైదరాబాదు దంపతులు తెచ్చిన ప్రశ్న ఇదియే గాని బడి కావలెనా వద్దా అనునది కాదు.

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము తెరచి చూడుడి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున నదిగర్భమునుండి పండ్రెండు రాళ్లు ఎత్తి తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ఎందుకు? ముందు కాలమున పిల్లలు ఆ రాళ్లను చూచి, ఇవి ఏమిటని తండ్రులను అడుగుటకు. పస్కా ఆచారమును గూర్చి నిర్గమకాండము 12వ అధ్యాయములోను అట్లే ఉన్నది. ఆజ్ఞలను గూర్చి ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము చివరను అట్లే ఉన్నది. మూడు చోట్లను వరుస ఒక్కటే. మొదట బిడ్డ అడుగును, తరువాత తండ్రి చెప్పును. పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి యొర్దాను చరిత్ర వల్లింపజేయుడని అక్కడ లేదు. బిడ్డ కంట పడునట్లు రాళ్లు పెట్టి, వాడు అడుగువరకు కాచుకొనుటయు నేర్పుటలో భాగమే. కాచుకొనుట సులభమని తలంపకుడి. చెప్పివేయుట సులభము.

అదే 6వ అధ్యాయము మొదటి భాగములో తండ్రి అడుగకయే చెప్పవలసినదియు ఉన్నది గనుక, పిల్లవాడు అడిగినప్పుడే నోరు తెరచెదనని కూర్చుండుటకు వీలు లేదు. అయితే ఆ చెప్పుట ఎక్కడెక్కడ జరుగవలెనో గమనించితిరా? ఇంట కూర్చుండినప్పుడు, దారిని నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. బల్ల లేదు, గంట లేదు. పొలమునకు పోవు దారి కూడ పాఠశాలయే.

సామెతలు 22:6 మనకందరికి కంఠస్థమైన వచనము. సెమినరీలో మాకు హెబ్రీ చెప్పిన గురువుగారు దీనియొద్ద ఒక దినమంతయు నిలిచిరి. మన తర్జుమా బిడ్డ నడువదగిన మంచి మార్గమును గూర్చి మాటలాడుచున్నది. మూలములోని పదముల కూర్పు మాత్రము ఆ మార్గము ఆ బిడ్డదే అన్నట్లుగా ఉన్నది. కాబట్టి కొందరు పండితులు దానిని, బిడ్డ స్వభావమునకు తగినట్లు నేర్పుమని చదివిరి. కొందరు పాత అర్థమునే పట్టుకొనిరి. ఇంతవరకు తగవు తీరలేదు. నేర్పుమను ఆ క్రియాపదమే క్రొత్త ఇంటిని ప్రతిష్ఠించుటకును వాడబడినది. నాకు రెండు అర్థములును కావలెను. మంచి మార్గము ఒక్కటే గాని దానిలోనికి వచ్చు కాలిబాట ప్రతి బిడ్డకును ఒక్కటి కాదు. రైతులైన మీకు ఇది నేను చెప్పవలెనా? చెలక భూమికి ఒక విత్తనము, రేగడికి ఒక విత్తనము. రేగడిలో ఎప్పుడు నాగలి దింపవలెనో తెలియక తడిలోనే దున్నినవాడు ఏడాదంతయు గడ్డలు కొట్టుకొనుచుండును. పొలముయొద్ద ఇంత తెలివిగలవారము, బిడ్డయొద్దకు వచ్చునప్పటికి ప్రక్కింటివాని బిడ్డకు వేసిన విత్తనమే కావలెనని ఏల పట్టుబట్టుచున్నాము?

ఇంటిలో నేర్పుట క్రొత్త పట్టణపు వేడుకయని కొందరు అనిరి. కాదు. మన మెదక్ సీమకు సువార్త తెచ్చిన వెస్లియన్ మిషను పేరు ఎవరినుండి వచ్చినదో, ఆ జాన్ వెస్లీ మొదటి బడి తన తల్లి నడిపిన ఇంటిబడియే. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అను పల్లెటూరి గురువు భార్య సుసన్నా. ఆమెకు 19 మంది బిడ్డలు పుట్టగా దాదాపు సగము మంది పసితనముననే చనిపోయిరి. అప్పులు ఉండెను, ఆకలి ఉండెను, ఇల్లు కాలిపోయెను. అట్టి ఇంటిలో ఆమె తన బిడ్డలందరికి తానే చదువు చెప్పెను. 24 జులై 1732న కుమారుడైన జానుకు వ్రాసిన ఉత్తరములో తన పద్ధతిని వివరించెను. ఆ ఉత్తరములో మన నర్సరీ తల్లులు వినవలసిన మాట ఒకటి కలదు. అయిదేండ్లు నిండిన మరునాడుగాని ఏ బిడ్డకును ఆమె అక్షరము చూపలేదు. ఒక్క కెజియా విషయములో మాత్రము ఇతరుల మాటకు లోబడి ముందుగా మొదలుపెట్టెను. ఏమైనది? తక్కినవారికి నెలలలో వచ్చిన చదువు కెజియాకు సంవత్సరములు పట్టెను. అయిదేండ్లు నిండినవారిలో అనేకులు ఒక్క దినములో అక్షరములన్నియు నేర్చుకొనిరి. ఇద్దరు ఆడపిల్లలకు ఒకటిన్నర దినము పట్టగా, వారు మందమతులని అప్పుడు తలంచితినని తల్లియే వ్రాసినది. ఇతరుల పిల్లలకు ఎంతకాలము పట్టునో చూచిన తరువాత ఆ తలంపు మానుకొనెను.

ఆమె పెట్టిన మరియొక నియమము మన బీడీల ఇండ్లకు వ్రాసి అంటింపవలసినది. ఆడపిల్లకు చక్కగా చదువ వచ్చువరకు ఇంటిపని, కుట్టుపని నేర్పకూడదు. మూడువందల ఏండ్ల క్రిందటి మాట ఇది! నేటికిని మన ఊళ్లలో పిల్లకు బీడీ చుట్టుట ముందు వచ్చుచున్నది, పుస్తకము తరువాత వచ్చుచున్నది. కొందరికి రానే రాదు.

1709లో ఇల్లు కాలిన రాత్రి అయిదేండ్ల జానును కిటికీలోనుండి దింపి రక్షించిరి. తరువాత కొంతకాలము పిల్లలు ఇరుగుపొరుగు ఇండ్లలో చెదరియుండిరి. మరల అందరు కూడిన తరువాత, 1712 నాటికి, సుసన్నా వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు ప్రత్యేకించి ఇచ్చెను. గురువారము జానుది, శనివారము చార్లెసుది. ఆ సమయమున పాఠము లేదు. బిడ్డ మనస్సులో ఉన్నదానిని గూర్చి మాటలాడుటయే. జాన్ వెస్లీ పెద్దవాడై విశ్వవిద్యాలయములో గురువైన తరువాత కూడ ఆ గురువారపు సాయంకాలములను తలంచుకొనెను.

సుసన్నా పద్ధతిలో నేను ఒప్పుకొననిదియు ఉన్నది. బిడ్డ స్వచిత్తమును మొదటనే విరిచివేయవలెనని ఆమె నమ్మెను. బెత్తమునకు భయపడి మెల్లగా ఏడ్చుట కూడ ఏడాది నిండునప్పటికే నేర్పెను. ఇది ఆ కాలపు ఆచారము. లేగదూడకు మెడపట్టెడ వేయుట వేరు, కాలు విరుచుట వేరు. నేటి చట్టములోని 17వ విభాగము బడిలో కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. ఇంటిలో మాత్రము ఏల ఉండవలెను?

పిల్లవాని ఆసక్తిని వెంబడించి నేర్పినవారు మన దేశములోనే కలరు. గుజరాతులోని భావనగరమున గిజుభాయి బధేకా అను వకీలు, తన కుమారునికి ఎట్లు నేర్పవలెనని వెదకుచు మాంటిస్సోరి గ్రంథములు చదివి, వకాలతు విడిచి 1920లో పసిపిల్లల బడి పెట్టెను. కథలతోను ఆటలతోను నడచిన ఒక తరగతిని గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము పగటికల అను పేర తెలుగులో దొరకుచున్నది. జపానులో 1937 మొదలు 1945 వరకు, బాంబులచేత కాలిపోవువరకు, పాత రైలుపెట్టెలలో ఒక బడి నడచెను. అక్కడ ప్రతి బిడ్డయు ఉదయము తనకు ఇష్టమైన పాఠముతోనే మొదలుపెట్టును. తెలుగువారు దానిని రైలుబడి అను పుస్తకములో చదువుకొనుచున్నారు. ఇవన్నియు ధనవంతుల ముచ్చట్లని అందురేమో. మదనపల్లె సమీపమున రిషీ వ్యాలీవారు చుట్టుపట్ల పల్లెలలో పెట్టిన చిన్న బడులను చూడుడి. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, అయిదు తరగతుల పిల్లలు. వారిలో అనేకులు కూలివారి బిడ్డలు. పాఠ్యపుస్తకమును ముక్కలుగా చేసి వందలకొలది కార్డులుగా వ్రాసిరి. ఆ కార్డుల వరుసను చూపు నిచ్చెన గోడమీద ఉండును. ప్రతి బిడ్డయు తాను ఏ మెట్టుమీద ఉన్నాడో తానే చూచుకొని తన కార్డు తానే తీసుకొనును. జ్వరము వచ్చి పది దినములు రానివాడు తిరిగి వచ్చి విడిచిన మెట్టునుండియే ఎక్కును; వెనుకబడితివని వానిని నిందించువారు లేరు. తమిళనాడు ప్రభుత్వము ఈ పద్ధతిని తన ప్రాథమిక పాఠశాలలకు తీసికొనిపోయెను. మన తెలుగు పల్లెల కొరకు పుట్టినది మన ఊళ్లకు ఇంకను నిండుగా రాకపోవుట నాకు విచారము.

ఇప్పుడు మన ఇండ్లను చూతము. పుస్తకములు కొనలేము అనుచున్నారు. పెరటిలో చింతచెట్టు ఉన్నది. చింతగింజలకంటె మంచి లెక్కల పుస్తకము ఏది? పచ్చీసు ఆడుచు కూడిక నేర్చుకొననివాడు ఎవడు? ఓమనగుంటలలో గింజలు పంచు పిల్ల భాగహారము చేయుచున్నదని ఆమెకు తెలియదు, తెలియనక్కరలేదు. బీడీలు చుట్టు తల్లి, బిడ్డచేత ఒక్క బీడీ చుట్టించకుండ, కట్టకు ఇరువదియైదు చొప్పున నలుబది కట్టలైన వెయ్యి అని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపవచ్చును. బెల్లపు ముద్దలు తూచు గంజికి బిడ్డను వెంట తీసికొనిపొండి. కిలో, అరకిలో, పావుకిలో అక్కడ కంటికి కనబడును. ఇవేవియు పాఠమని పేరు పెట్టి చెప్పకుడి. పేరు పెట్టిన క్షణమున బిడ్డ పారిపోవును.

ప్రశ్న పుట్టించు వస్తువులు మన సీమలో తక్కువా? 1922లో పూర్తియైన పోచారం ప్రాజెక్టు ఎల్లారెడ్డివారికి దగ్గరనే ఉన్నది. చలికాలమున తలమీద నల్లని చారలుగల బాతులు అక్కడ దిగుచున్నవి. అవి హిమాలయములకు ఆవలినుండి, ఆ కొండలను దాటి వచ్చునవి. ఒక ఆదివారము ఆరాధన తరువాత మా సండే స్కూలు పిల్లలను తీసికొనిపోగా ఒక చిన్నవాడు, "అయ్యగారూ, గివి గంత దూరంకెంచి మన చెరువుకే ఎందుకొచ్చినయి?" అని అడిగెను. ఆ ప్రశ్నలోనుండి పటము వచ్చును, చలి వచ్చును, మంచుకొండ వచ్చును, దారి చూపినవాడెవడు అను మాట కూడ వచ్చును. ఆ పిల్లవానికి ఇంకను అక్షరములు రావు. అక్షరములు రాకముందే అడుగుట వచ్చినది. మనము చేయవలసినదెల్ల ఆ అడుగుటను చంపకుండుట. నోరు మూసికొమ్మని పదిసార్లు చెప్పినయెడల పదునొకండవసారి వాడు అడుగడు. పదియేండ్ల తరువాత, మా పోరనికి చదువుమీద మనసు లేదని నాయొద్దకు వచ్చి చెప్పుదురు.

సర్కారు బడి పుస్తకములు కూడ ఇంటిపని చేయగలవు. 2022-23 విద్యాసంవత్సరమునుండి వచ్చిన పుస్తకములలో ఒక ప్రక్క తెలుగు, ఎదుటి ప్రక్క ఇంగ్లీషు ఉన్నవి. పెద్ద బిడ్డ పుస్తకమును చిన్న బిడ్డతో కూడ తెరచి తల్లి తెలుగు ప్రక్కను చదువవచ్చును. ఇంటి భాషలో మొదలుపెట్టిన బిడ్డ వెనుకబడునను భయము మానుడి. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము వీలైనంతవరకు అయిదవ తరగతిదాక మాతృభాషలో నేర్పవలెనని చెప్పినది.

సెల్‌ఫోనును గూర్చి అడుగుచున్నారు. 2020 మార్చిలో వ్యాధివలన బడులు మూతబడగా, సెప్టెంబరు 1నుండి టీ-శాట్‌లోను దూరదర్శన్ యాదగిరిలోను పాఠములు వచ్చెను. ఆ నెలలలో నేను ఇండ్లు దర్శించుచు చూచినది చెప్పుచున్నాను. టీవీ ఎదుట బిడ్డను కూర్చుండబెట్టి పెద్దలు పొలమునకు పోయిన ఇంటిలో ఏమియు మిగులలేదు. ప్రక్కన ఒక అవ్వ కూర్చుండి, "ఏం చెప్పిండురా సారు, నాకు చెప్పు" అని అడిగిన ఇంటిలో మిగిలినది. ఆ అవ్వకు సంతకము రాదు. ఫోను మంచి పనిముట్టే. పాట వినిపించును, దూరదేశపు పక్షిని చూపును. కాని బిడ్డ ఏడ్పు మాన్పుటకు ఇచ్చిన ఫోను చదువు కాదు, నల్లమందు.

"మాకు అక్షరం ముక్క రాదు అయ్యగారూ, మేమేం నేర్పుతం?" అని తల్లులు అనుచున్నారు. తిమోతికి నేర్పిన అవ్వ లోయి, తల్లి యునీకే. వారి పట్టాలను గూర్చి పౌలు ఒక్క మాట వ్రాయలేదు. తెలియనిదానిని తెలియదనుటయు నేర్పుటయే. "నాకెరుక లేదు బిడ్డా, టీచరమ్మను అడుగుదాం పా" అని చేయి పట్టుకొని పోవు తల్లి, బిడ్డకు వెదకుట నేర్పుచున్నది. అంతకంటె బరువైన అడ్డు మరియొకటి కలదు, దానిని దాచుట తగదు. దినమంతయు నాటు వేసి, చీకటిపడి వచ్చి, పొయ్యి వెలిగించు తల్లికి ప్రశ్నలకు జవాబు చెప్పు ఓపిక ఎక్కడిది? ఆ హైదరాబాదు తల్లికి ఉన్న తీరిక ఈమెకు లేదు. బిడ్డ వెంట నడచుటకు తీరిక కావలెను; ఆ తీరిక మన దేశములో డబ్బుగలవారికే ఎక్కువగా ఉన్నది. ఇది అన్యాయము. పేద తల్లిని నిందించుటవలన ఆ అన్యాయము తీరదు. పని మానిన అవ్వలు, తాతలు మన సంఘములో ఎందరో ఉన్నారు. డిగ్రీ చదివి ఉద్యోగమునకు కాచుకొనియున్న యౌవనస్థులు ఉన్నారు. ఆ తల్లి ఇంటికి చేరువరకు ఆ బిడ్డ ప్రశ్నలు వారివి కాకూడదా? బాప్తిస్మపు దినమున బిడ్డను పెంచుటలో సహాయము చేసెదమని సంఘమంతయు లేచి నిలువబడి మాట ఇచ్చినది. ఆ మాట కేకు కోయుటతో ముగిసినదా?

పిల్లవాని ఇష్టము వెంట పోయిన వాడు మొండివాడగునని పెద్దలు భయపడుచున్నారు. బిస్కెట్టు కావలెనని నేలమీద పొర్లుట ఒకటి, వాన ఎక్కడినుండి వచ్చునని అడుగుట మరియొకటి. మొదటిది కోరిక, రెండవది ఆకలి. కోరికకు హద్దు పెట్టుడి. ఆకలికి అన్నము పెట్టుడి. ఆ రెండింటిని వేరుపరచు కన్ను దూరమున బస్సులో పోయి చేరు బడికంటె దగ్గరనున్న తల్లికే ఎక్కువ.

గురుకులములకు పిల్లలను పంపినవారు దీనిని చదివి నొచ్చుకొనకుందురు గాక. 1971లో సర్వేలులో మొదలైన గురుకులముల వలన మన బిడ్డలలో అనేకులు డాక్టర్లు, ఇంజనీర్లు అయిరి. అయిదవ తరగతికి బిడ్డను పంపుట హన్నా చేసిన పనివంటిదే. ఆమె సమూయేలును పాలు విడిచిన తరువాతనే పంపెను.  పంపిన తరువాత కూడ ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. అంగీ కుట్టుటకు బిడ్డ ఎంత ఎదిగెనో తెలిసియుండవలెను గదా. ఏలీ గుడిలోనే ఉన్నను, తన కుమారులు చేయుచున్నది ఎరిగియు వారిని అడ్డగింపలేదు. దగ్గర ఉండుట, దూరముండుట అను దానికంటె ఆ అంగీ కొలత ముఖ్యమని నాకు తోచుచున్నది.

ఈ జూన్‌లో ఆరేండ్లు నిండిన బిడ్డలుగల తల్లిదండ్రులు ఒక సంగతి తెలిసికొనుడి. ఇంతవరకు ఏ బడికిని పోలేదని, జనన ధ్రువపత్రము లేదని సర్కారు బడిలో ఎవరును త్రిప్పి పంపరాదు; వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలెనని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. బిడ్డకుగాని తల్లిదండ్రులకుగాని ప్రవేశపరీక్ష పెట్టరాదు. ఎవరైన అడ్డుచెప్పినయెడల నాతో చెప్పుడి, నేను కూడ వచ్చెదను. అయిదేండ్లలోపటి పిల్లల కొరకు గుడి వరండాలో ఒక చెక్కపెట్టె పెట్టుచున్నాము. మీ ఇండ్లలో పడియున్న పాత చందమామలు, బొమ్మల బైబిళ్లు, పాత క్యాలెండర్లు, భూపటములు తెచ్చి అందులో వేయుడి. సాయంకాలము అయిదు గంటలనుండి దీపములు పెట్టువరకు ఒక అవ్వయైనను ఒక యౌవనస్థుడైనను అక్కడ కూర్చుండును. పిల్లలు ఏ పుస్తకము తీసినను తీయనిండు. చిరిగినను పరవాలేదు.